టేకాఫ్ షాట్

“సార్, ఆడ...” అని బస్సు హారన్‌లో మునిగి, మళ్ళీ తేలింది గొంతు. “...మనిషిని నమ్మొద్దు సార్!”

అంతే. ఆ వెంటనే బ్రేకుల కీచు, జనం కేకలు వినిపించి లైన్ కట్టయింది. వేలు అనే ఇన్ఫార్మర్‌ను జార్జి టౌన్ సందులో ఎవరో వెనక నుంచి బస్సు ముందుకు తోసేశారు. ప్రాణమైతే దక్కింది కానీ ఆస్పత్రిలో ఒంటిమీద తెలివి లేకుండా పడి ఉన్నాడు.

ఆ ఫోన్ అందుకున్నవాడు ఏజెంట్ కోదండరాం. వేలును ఈ పనిలోకి దింపింది తనే. ఇప్పటిదాకా వాట్సాప్‌లో ఫోటోలు తప్ప మాట పంపని మనిషి, మొదటిసారి ఫోన్ చేసి చెప్పిన మాట అది. ఆడమనిషిని నమ్మొద్దు. ఆ ఆడమనిషి ఎవరో అప్పటికింకా తెలియదు. ఆ మాటను కోదండరాం ఎవరికీ చెప్పకుండా గుండెల్లో దాచుకున్నాడు. గూఢచారి అన్నవాడు అలాగే చెయ్యాలని ట్రైనింగ్‌లో నేర్పారు. ఇలాంటివి బాగానే నేర్పుతారు.

అతను కాకినాడ నుంచి చెన్నైకి బదిలీ అయి పట్టుమని పది రోజులు కాలేదు. ఆఫీసు జార్జి టౌన్‌లో ఒక మిరియాల హోల్‌సేల్ కొట్టు వెనకాల ఉంది. తెల్ల పంచె, వేలికి లావుపాటి ఉంగరం, జేబులో కెమెరా ఉన్న పెన్ను అతని మారువేషం. ఆ పెన్ను ఫోటో తియ్యదు, చొక్కా మీద సిరా మాత్రం కక్కుతుంది.

“మిరియాలు ఘాటుగా ఉన్నాయా?” అన్నాడు లోపలి గది తలుపు దగ్గర.

“వాన పడితే చెప్తా” అన్న కోడ్‌తో పాటు తలుపు తెరుచుకుంది.

చీఫ్ దేవరాజులు ఒక మెమరీ కార్డును బల్ల మీద పెట్టాడు. “చూడప్పా కోదండరాం. ఊరి చివర మనలి ఆయిల్ రిఫైనరీ మీద తిరిగిన డ్రోన్‌ను గద్ద కొట్టింది. పడిపోయిన దాంట్లో దొరికింది ఇది. ఫారిన్ ముఠా రెక్కీ. రెండో డ్రోన్ ఇవాళ సాయంత్రం షిఫ్ట్ మారేటప్పుడు పేలుడు పొట్లంతో వస్తుందని కబురు. గేటు దగ్గర వందలమంది కూలీలు ఉంటారు.”

“ఎక్కడి నుంచి ఎగురుతుంది సార్?”

“అదే నీ అసైన్‌మెంట్. ఫుటేజ్ ఇందులోనే ఉంది. మన ప్లేయర్‌లో తెరుచుకోవడం లేదు. మంచి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి సెలెక్ట్ చేసి తెరిపించు. కార్డు నీ చెయ్యి దాటకూడదు.”

కోదండరాం నోరు తెరిచాడు. నదుల్లో ఈదాడు, రైళ్ళ మీంచి దూకాడు. సాఫ్ట్‌వేర్ సెలెక్ట్ చెయ్యడం మాత్రం ఎప్పుడూ చెయ్యలేదు.

సాయానికి ఇద్దరినిచ్చాడు చీఫ్. ఒకడు ఆఫీసు సిస్టమ్స్ చూసే శ్రీకుమార్. మాట కన్నా నవ్వు ముందొచ్చే మనిషి. రెండోది వినోదిని. వడపళని స్టూడియోల్లో ఎడిటర్. నల్ల పట్టుచీర, చలువ కళ్ళద్దాలు, చెవికి ఒకటే పొడుగు జుంకీ. ఒకప్పుడు ముఠాకు పనిచేసి, ఇప్పుడు మనకు చేస్తోందని ఫైల్లో ఉంది. తిరగేసి చదివినా అర్థం కుదిరేటట్టే ఉంది. ఈ కేసులో ఉన్న ఆడమనిషి ఈమె ఒక్కతే.

మొదటి సాఫ్ట్‌వేర్ సినిమావాళ్ళు వాడేది. ఇన్‌స్టాల్ కావడానికే పొద్దు నడినెత్తికొచ్చింది. తెరిచాక “మీ గ్రాఫిక్స్ కార్డ్ చాలదు” అని సౌమ్యంగా చెప్పి మూసుకుంది. రెండోది ట్రయల్ వెర్షన్. బొమ్మ వచ్చింది కానీ చూడాల్సిన చోటే అడ్డంగా కంపెనీ పేరు వచ్చింది. దాని కింద ఫుటేజ్ పాలిపోయి, నాలుగు అడుగులు వేసి ఆగే ముసలి ఎద్దులా కదిలింది. డబ్బు కడితే పేరు పోతుందట. కట్టాలంటే కొనుగోళ్ళ విభాగానికి మూడు కొటేషన్లు పంపాలట. కోదండరాం మౌస్‌ను బల్లకేసి కొట్టాడు. మౌస్ చచ్చింది.

అంతలో వంటామె కనకవల్లి కాఫీ తెచ్చి, తన గోల తను పెట్టింది. “మిద్దె మీద ఆరబెట్టిన వడియాలు గాలి లేకుండానే ఎగిరిపోతా ఉండాయి సార్. పిల్లి పని గాదు. ఎవురన్నా విచారించేది లేదా?”

“ఇక్కడ దేశం మునిగిపోతుంటే వడియాలేంటమ్మా!” అని కసిరాడు కోదండరాం.

వినోదిని అద్దాలు నుదుటి మీదికి తోసింది. “ఏ సాఫ్ట్‌వేర్ అయినా పరవాలేదు సార్” అంది డబ్బింగ్ థియేటర్ తెలుగులో, ఒక్కో మాటా ఇస్త్రీ చేసి. “ఇది ఫోర్-కే ఫుటేజ్. మీ కంప్యూటర్ మోయలేదు. ముందు ప్రాక్సీలు చెయ్యాలి. అంటే చిన్న సైజు నకళ్ళు. వాటిని చూసుకుందాం. రంగులు పాలిపోయినవి ఒక ఫిల్టర్‌తో సరి అవుతాయి. ఒరిజినల్‌ను ముట్టుకోకూడదు, నెట్‌కు తగిలించకూడదు. నా లాప్‌టాప్‌లో చేసిస్తాను.”

మాట సబబుగానే ఉంది. కానీ వేలు గొంతు చెవిలో మోగుతోంది. ఆడమనిషిని నమ్మొద్దు.

“మీ లాప్‌టాప్ అక్కర్లేదు” అన్నాడు ముక్కుసూటిగా. ఆమె మొహం చిన్నబోయింది.

శ్రీకుమార్ కుర్చీ దగ్గరికి జరిపాడు. “ఎందుకు సార్ ఈ తలనొప్పి? జిప్పీవింగ్ అని ఒకటుంది. ఫ్రీ. డ్రోన్ ఫుటేజ్ కోసమే చేశారు. కార్డు పెట్టి ఒక్క బటన్ నొక్కితే చాలు. అనవసరమైనవన్నీ అదే తీసేసి, మంచి షాట్లు మాత్రం పెడుతుంది.”

ఫ్రీ, ఒక్క బటన్. పొద్దుట్నించి ఇంత హాయైన మాట ఎవరూ చెప్పలేదు. కోదండరాం కార్డు పెట్టి బటన్ నొక్కేశాడు. తెర మీద పచ్చగీత పాకసాగింది. శ్రీకుమార్ లేచాడు. “నెట్ స్లోగా ఉంది సార్. పైకెళ్ళి యాంటెన్నా చూసొస్తా.”

గీత సగం దాటింది. ముప్పాతిక దాటింది. మనలిలో షిఫ్ట్ మారే వేళ దగ్గరపడుతోంది. వినోదిని ఉన్నట్టుండి తెర మీదికి వంగింది. ఇస్త్రీ తెలుగంతా ఒక్కసారిగా నలిగిపోయి, పెరంబూరు రైల్వే క్వార్టర్సులో పుట్టిన తెలుగు బయటికొచ్చింది.

“అయ్యో, ఆడ చూడండి సార్, ఆడ! టేకాఫ్ షాట్ బోరింగ్ అని తీసేస్తా ఉండాది! కిందేముందో చదివినారా? అప్‌లోడ్ అయినాక కార్డులో ఒరిజినల్ డిలీట్ అంట!”

కోదండరాం తెర చూడలేదు. ఆమె మొహం చూశాడు.

“ఏమన్నారు? ఆడ అంటే?”

“ఆడ అంటే ఆడ సార్! ఈడ కాదు, ఆడ! అక్కడ!”

ఆడ. అక్కడ. హారన్ మింగేసిన ముక్క ఇప్పుడు దొరికింది. ఆడ ఉండే మనిషి. వేలు వీధిలో నిలబడి చెప్పాడు. వీధిలోంచి చూస్తే ఆడ అంటే ఈ ఆఫీసే, ఆ మనిషి ఈ బటన్ నొక్కించిన శ్రీకుమారే. చీఫ్‌తో ఒక్క మాట అని ఉంటే, ఆ తమిళనాడు తెలుగాయన అప్పుడే విప్పి చెప్పేవాడు. తన తెలివి తగలెయ్య!

పచ్చగీత చివరంచు తాకుతుండగా నెట్ కేబుల్ పట్టుకుని పెరికాడు. కేబుల్‌తో పాటు గోడలోని సాకెట్ కూడా ఊడొచ్చింది. తెర మీద “అప్‌లోడ్ విఫలం. దయచేసి మళ్ళీ ప్రయత్నించండి” అని వచ్చింది.

“ప్రాక్సీ చెయ్యండి వినోదినిగారూ. మీ లాప్‌టాప్‌లోనే” అన్నాడు కార్డు ఆమె చేతికిస్తూ. ఆమె అలిగి కూర్చోలేదు, ఒక్క మాట దెప్పలేదు. అదే అతనికి ఎక్కువ సిగ్గనిపించింది.

టేకాఫ్ ముక్క ఒక్కటే చిన్నది చేసి ఆడించింది. డ్రోన్ నేల మీంచి లేస్తోంది. ఎర్ర బిళ్ళలు పరిచిన మిద్దె, నీళ్ళ ట్యాంకు. రెక్కల గాలికి తెల్లగుడ్డ మీంచి లేచి నాలుగు దిక్కులకూ పరిగెత్తుతున్నాయి కనకవల్లి వడియాలు.

“మన మిద్దే!” అంది వినోదిని.

ఇద్దరూ మెట్ల మీద పరిగెత్తారు. పంచె కాళ్ళకడ్డం పడుతుంటే పైకి ఎగదోపి, బూతులు మింగుకుంటూ ఎక్కాడు కోదండరాం. పైన శ్రీకుమార్ రిమోట్‌తో నిలబడి ఉన్నాడు. పొట్లం కట్టిన డ్రోన్ మోకాలెత్తు లేచింది.

“చాలా లేటు సార్” అన్నాడు శ్రీకుమార్. ఇప్పుడు నవ్వు లేదు.

కోదండరాం గురిచూసి పెన్ను విసిరాడు. జీవితంలో మొదటిసారి ఆ పెన్ను పనికొచ్చింది. సిరా కంట్లో పడి శ్రీకుమార్ రిమోట్ వదిలేశాడు. డ్రోన్ పిట్టగోడ దాటబోతుంటే వినోదిని వడియాల గుడ్డ నాలుగు కొసలూ పట్టి విసిరింది. రెక్కలు గుడ్డలో చుట్టుకుని గుర్రుమన్నాయి. కోదండరాం ఎగిరి, గుడ్డ మూటను గాల్లోనే రెండు చేతులా అందుకున్నాడు. పొట్లం నేలకు జానెడు పైన ఆగింది. పారిపోబోయిన శ్రీకుమార్‌కు మెట్ల దగ్గర గరిటెతో కనకవల్లి ఎదురైంది. చెదిరిన వడియాల వంక చూసి, ఆమె ఇంకేమీ విచారించలేదు.

మర్నాడు ఆస్పత్రిలో వేలు కళ్ళు తెరిచాడు. తలకు కట్టు, మొహం వాచిపోయి ఉంది. కోదండరాం మంచం పక్కకు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“అక్కడ అని ఒక్క మాట అనుంటే సరిపోయేది కదయ్యా వేలూ!”

“బస్సు మీదికొస్తా ఉంటే అంత పెద్ద మాట అనేదానికి టయిం యాడుంది సార్?” అన్నాడు వేలు నీరసంగా.

మంచం అవతల నిలబడ్డ వినోదిని చలువ కళ్ళద్దాలు పెట్టుకుంటూ అంది.

“సాఫ్ట్‌వేర్ సంగతి నేను చూసుకుంటా. మీరు ముందు మీ తెలుగును అప్‌డేట్ చేసుకోండి సార్.”