లోపలి నుంచి తెరుచుకోని తలుపు

శనివారం పొద్దున ఓట్స్ జావ అడుగంటింది. మాలిన్ గరిటె పట్టుకుని పొయ్యి ముందే ఉంది గాని, చూపు మాత్రం వాకిట్లో నిలబడ్డ పాత వ్యాగన్ కారు మీద ఉంది. మంచు కరిగి దాని చక్రాల కింద బురద చేరింది. అడుగు రేకు తుప్పుకి చిల్లులు పడిందని తనిఖీ కేంద్రం వాళ్ళు కాగితం చేతిలో పెట్టారు. నెలాఖరు దాటితే అది రోడ్డెక్కడానికి లేదు.

ఇంకో కాగితం ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించి ఉంది. అది పట్నంలోని కుటుంబ వ్యవహారాల కార్యాలయం నుంచి వచ్చింది. గురువారం పదింటికి తూవాతో మాట్లాడతారట. పన్నెండేళ్ళ పిల్ల ఎవరి దగ్గర ఉండాలనుకుంటోందో దాని నోటితోనే వింటారట.

తూవా మాలిన్ పెద్ద కూతురు, మొదటి భర్త మతియాస్‌కి పుట్టిన పిల్ల. ఐదో ఏట నుంచి ఒక వారం తల్లి దగ్గరా, ఒక వారం తండ్రి దగ్గరా, పిల్లి తిప్పే కూనలా తిరుగుతూనే పెరిగింది. ఇప్పుడు మతియాస్ పూర్తిగా తన దగ్గరే ఉంచుకుంటానంటున్నాడు. పిల్ల కోరికా అదేనంటున్నాడు. “నమ్మకపోతే దాన్నే అడుగు. దానికి నీ కారెక్కడమే ఇష్టం లేదు,” అన్నాడు ఫోన్లో.

ఆ మాట మాలిన్ గుండెలో ముల్లులా దిగబడింది. కూతుర్ని అడిగే ధైర్యం లేకపోయింది. అడక్కుండానే అర్థం చెప్పుకుంది. మతియాస్ దగ్గర కొత్త ఎలక్ట్రిక్ కారుంది, చప్పుడు లేకుండా బాణంలా పోతుంది. తన దగ్గర తుప్పు బండి ఉంది. సరదా ఉన్న కారు కొంటే పిల్ల దక్కుతుంది. కొనకపోతే గురువారంతో పోతుంది.

“జావ మాడుతోంది,” అన్నాడు హిల్డింగ్.

ఆయన మాలిన్ తండ్రి. పెరటివైపు చిన్న ఇంట్లో ఒక్కడే ఉంటాడు. పొద్దున కాఫీకి ఇటు వచ్చి, మాట్లాడకుండా తాగి, మాట్లాడకుండా కప్పు కడిగి పెట్టి పోతాడు. ఇవాళ మాత్రం ఒళ్ళో ఎనిమిది నెలల సిగ్నెను పెట్టుకుని కూర్చున్నాడు. మాలిన్ రెండో భర్త యెర్కెర్ నార్వేలో సొరంగం పనికి వెళ్ళి పది రోజులైంది. బల్ల కింద మూడేళ్ళ కవలలు ఈవర్, ఫోల్కె ఒకే చేతితొడుగు కోసం కొట్టుకుంటున్నారు.

తూవా మెట్లు దిగి వచ్చి, గట్టిరొట్టె మీద చేపగుడ్ల పేస్టు ట్యూబుని వంకరటింకరగా పిండుకుంది.

“ఇవాళ కారు చూడ్డానికి వెళ్తున్నాం. చూస్తే ఎగిరి గంతేస్తావు,” అంది మాలిన్.

“సరే.”

“నీలం రంగు. టర్బో ఇంజను. యాక్సిలరేటరు మీద కాలు ఆన్చామంటే వీపు సీటుకి అతుక్కుపోతుంది!”

“సరే అన్నాగా అమ్మా.”

హిల్డింగ్ గొంతు సవరించుకున్నాడు. “పిల్లలు నలుగురు. నువ్వొకదానివి. ఆ కారుకి సీట్లు ఐదు.”

“లెక్క నాకూ వచ్చు నాన్నా.”

“వచ్చు. లెక్కకి సరిపోతుందనే భయం,” అని ఆయన కప్పు కడగడానికి లేచాడు.

కారెక్కడం ఆ ఇంట్లో ఒక తంతు. ముందు ఈవర్. వాడు తల్లి మొహం కనపడకపోతే కారులో కక్కుకుంటాడు, అందుకని వాడి సీటు ముందు, మాలిన్ పక్కనే, వెనక్కి తిరిగి ఉంటుంది. వాళ్ళ దేశంలో నాలుగైదేళ్ళు వచ్చేదాకా పిల్లల్ని అలా వెనక్కి తిప్పే కూర్చోబెడతారు. వెనక వరసలో ఒక పక్క ఫోల్కె, ఇంకో పక్క సిగ్నె. రెండు సీట్ల మధ్య మిగిలేది మూరెడు కూడా ఉండదు. ఇవాళ సిగ్నె తాత దగ్గర ఉండిపోతోంది గాని, కొత్త కారులో పడుతుందో లేదో చూడాలి గనక దాని ఖాళీ సీటు అలాగే ఉంది. తరవాత దుకాణంలో తిరిగిచ్చే ఖాళీ సీసాల సంచులు రెండు.

అన్నీ ఎక్కాక తూవా తనంతట తనే కారు వెనక్కి నడిచింది. అక్కడ, సామాను పెట్టే చోట, వెనక్కి తిరిగి ఉండే మడత సీటు ఒకటుంది. చిన్నప్పుడు తండ్రి కారులో అలాంటి సీటు కోసమే మాలిన్ తన అన్నతో జుట్లు పట్టుకునేది. వెనక వచ్చే వాళ్ళకి చేతులూపుతూ, నాలుక బయటపెడుతూ, అది దొరల సీటు అనుకునేది. తన కూతురికీ అంతేనని ఆమె నమ్మకం. ఆ తలుపు లోపలి పిడి రెండేళ్ళ కిందట విరిగింది. బయటి నుంచి ఎవరో ఒకరు తీయాల్సిందే.

* * *

“హిల్డింగ్ కూతురివి కదూ!” అన్నాడు కార్లు అమ్మే రోలాండ్, పొట్ట కదిలేలా నవ్వుతూ. “గడ్డకట్టిన సరస్సు మీద కార్ల పందెంలో మగాళ్ళందరి చేతా మంచు తినిపించింది నువ్వేగా! మా తమ్ముడు ఇప్పటికీ చెప్పుకుని ఏడుస్తాడు.”

మాలిన్ మొహం ఎన్నాళ్ళకో వెలిగింది. అప్పుడు ఆమెకి పందొమ్మిదేళ్ళు. ఆ నీలం కారు స్టీరింగు పట్టుకోగానే చేతులకి ఆ రోజులు గుర్తొచ్చాయి. ఇది తూవా కోసమే అని మనసుకి చెప్పుకుంది. మనసు సగమే నమ్మింది.

“ఆ మూల బండి కూడా ఉంది మరి,” అన్నాడు రోలాండ్, పొడుగ్గా డబ్బాలా ఉన్న తెల్ల వ్యాను చూపిస్తూ. “బేకరీ వాళ్ళది. రొట్టె పెట్టెలా ఉంటుంది గాని, రెండో వరసలో దేనికది మూడు పూర్తి సీట్లు.”

“అందులో ఎక్కితే ఈ పిల్ల నా మొహాన ఉమ్మేస్తుంది,” అంది మాలిన్.

పాత కారులోంచి పిల్లల సీట్లు ఒక్కొక్కటీ పీకి నీలం కారులో బిగించి చూసింది. ముందు ఒకటి, వెనక రెండు. చెమట పట్టింది. “తూవా, మధ్యలోకి ఎక్కు.”

తూవా రెండు సీట్ల మధ్య పక్కవాటుగా దూరింది. భుజాలు పట్టలేదు. నడుము పట్టీ పెట్టుకోవడానికి చెయ్యి కిందికి పోలేదు.

“కొంచెం ఊపిరి బిగించు,” అంది మాలిన్.

“పాతిక కిలోమీటర్లు ఊపిరి బిగించాలా?”

“కొన్నాళ్ళేగా. వీళ్ళు పెద్దవాళ్ళయ్యేదాకా. లేదంటే నిన్ను రెండో ట్రిప్పులో తీసుకెళ్తా.”

తూవా బయటికొచ్చి కోటు దులుపుకుంది. “రెండో ట్రిప్పు ఎందుకు? సీసాలతో పాటు సంచీలో పెట్టెయ్.”

“నీ కోసమే కదే ఈ కారు!”

“నా కోసమా? మరి నేనెక్కడ కూర్చుంటాను ఇందులో?”

మాలిన్ కారు తలుపు ధడాలున వేసింది. జవాబు లేనప్పుడు మనిషికి కోపం వస్తుంది. “మీ నాన్న కొత్త కారు చూపించగానే అమ్మని మర్చిపోయావు! ఇంత చవగ్గా అమ్ముడుపోతావనుకోలేదు.”

రోలాండ్ చటుక్కున అటు తిరిగి ఏదో కారు అద్దం తుడవసాగాడు. తూవా కోటు గుండీలు పెట్టుకుంది. “గురువారం నాడు ఏం చెప్పాలో ఇప్పుడు తెలిసింది,” అంది మెల్లిగా. పాత వ్యాగన్ వెనక్కి వెళ్ళి, తలుపెత్తి, లోపల ముడుచుకుని, తనే లాగి మూసుకుంది.

* * *

ఏ కారూ కొనకుండానే, పిల్లల సీట్లు మళ్ళీ పాత బండిలో బిగించుకుని మాలిన్ ఇంటిదారి పట్టింది. దారి పొడుగునా ఈవర్ “అమ్మా అది ఏంటి, అమ్మా ఇది ఏంటి” అంటూనే ఉన్నాడు. ఇల్లు చేరేసరికి సిగ్నె గుక్కపట్టి ఏడుస్తోంది. ఫోల్కె ఒళ్ళు తడుపుకున్నాడు. మాలిన్ ఒకణ్ణి చంకనేసుకుని, ఒకణ్ణి లాక్కుంటూ లోపలికి పరుగెత్తింది. బట్టలు మార్చింది, పాలు పట్టింది, ఎవరికీ వినపడకుండా పంపు తిప్పి ఏడ్చింది. గిన్నెలో బంగాళాదుంపలు పడేసింది.

హిల్డింగ్ కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు.

“ఆ పిల్ల ఇంకా కారులోనే ఉందేం?” అన్నాడు.

మాలిన్ చేతిలోని కత్తి సింకులో పడింది. గోడ గడియారం చూసింది. వచ్చి ఇరవై నిమిషాలు దాటింది. చెప్పులు కూడా లేకుండా బురదలో పరుగెత్తింది. తలుపు లాగింది.

తూవా అక్కడే ఉంది. మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, తల పైకప్పుకి తగలకుండా మెడ వంచుకుని. అద్దం దాని ఊపిరికి పొగబట్టి ఉంది.

“తలుపు కొట్టొచ్చుగా! అరవొచ్చుగా!” అంది మాలిన్ రొప్పుతూ.

“ఎందుకు? ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు తీస్తారుగా.” ఆ గొంతులో కోపం లేదు. ఉంటే మాలిన్ తట్టుకునేది. “ఎప్పుడూ ఇంతేగా. ముందు తమ్ముళ్ళు, తరవాత చెల్లి, తరవాత సరుకులు. సరుకులైనా పాలు పాడవుతాయని తొందరగా దింపుతావు.”

మాలిన్ తలుపు పట్టుకుని కూతురి మెడ వైపే చూస్తూ ఉండిపోయింది. వెనక నుంచి హిల్డింగ్ వచ్చాడు, సిగ్నెను భుజాన వేసుకుని.

“సెప్టెంబరు నుంచీ అలా వంచుకునే కూర్చుంటోంది,” అన్నాడు. “చెప్పాల్సింది. చెప్పలేదు. అది నా తప్పు.”

మాలిన్ తల వంచి లోపలికి ఎక్కింది. తూవా పక్కన, ఇద్దరు చిన్నపిల్లల కోసం చేసిన ఆ సీట్లో, మోకాళ్ళు ఛాతీకి నొక్కుకుని ఇరుక్కుంది.

“నాన్నా, పిల్లలందర్నీ ఎక్కించు. తలుపు మూసి, సరస్సు దాకా పోనీ.”

“నీకు మతి పోయిందా? పోలీసులు చూస్తే?”

“మన మట్టిరోడ్డే. మెల్లిగా పోనీ నాన్నా.”

తలుపు మూసుకుంది. బండి కదిలింది. పెట్రోలు కంపు, తడి రబ్బరు కంపు. ఇల్లు, పాలపెట్టె, కంచె, అన్నీ మాలిన్‌కి ఎదురుగానే ఉండి దూరమైపోతున్నాయి. ఏదీ దగ్గరికి రాదు. వెనక, అంటే ముందు సీట్లలో, ఈవర్ కిలకిల నవ్వాడు. దేనికో తెలియలేదు. హిల్డింగ్ ఏదో అన్నాడు. చప్పుడు తప్ప మాట అందలేదు.

“నాన్నా! కొంచెం ఆపు!” అంది మాలిన్. బండి ఆగలేదు. “నాన్నా!”

“వినపడదు,” అంది తూవా. “నేను చూశాగా. నువ్వు ‘బడి ఎలా ఉంది’ అని అడుగుతావు. నేను చెప్తాను. నువ్వు మళ్ళీ అడుగుతావు. ఈవర్ ఏదో వాగుతాడు. నువ్వు నవ్వుతావు. కొన్నాళ్ళకి చెప్పడం మానేశాను.”

మాలిన్ రెండు చేతులతో నోరు మూసుకుంది.

“నాన్న కారు నాకేం ఇష్టం కాదు అమ్మా. దాంట్లో నాకు తల తిరుగుతుంది. నాన్న చెప్పేవి కూడా అన్నీ బోరే, ఇంటి అప్పు, వడ్డీ రేటు.” తూవా అద్దం మీది పొగ మీద వేలితో గీత గీసింది. “కానీ ముందు సీట్లో కూర్చుంటాను. పక్కన.”

అప్పుడు ఏడ్చింది మాలిన్, దాచుకోకుండా. ఇరుకులో చెయ్యి ఎత్తి కూతురి తల తన భుజం మీదికి లాక్కుంది. “అమ్ముడుపోయావన్నాను నిన్ను. ఈ నోటికి పురుగులు పడ,” అంది. తూవా తల తీసేసుకోలేదు. సరస్సు దగ్గర హిల్డింగ్ వచ్చి తలుపెత్తేదాకా అలాగే ఉన్నారు.

* * *

సోమవారం నాడు మాలిన్ రొట్టె పెట్టె కొనుక్కొచ్చింది. నీలం కారు వైపు ఒక్కసారి చూసింది, లేదని చెప్పను. కాలు ఆన్చితే రొట్టె పెట్టె ముందు దగ్గి, తరవాత ఆలోచించి, అప్పుడు కదిలింది. రెండో వరసలో మూడు సీట్లూ పక్కపక్కనే పట్టాయి. ఈవర్ ఎదురుగా హిల్డింగ్ ఒక అద్దం బిగించాడు, అందులో తల్లి మొహం కనపడేలా. వాడు మొదటి రోజు మూడుసార్లు కక్కాడు, రెండో రోజు ఒకసారి, బుధవారం నాడు అద్దంతో కబుర్లు చెప్పాడు.

గురువారం తూవా ముందు తలుపు తీసి నిలబడింది. సీటు మీద మాలిన్ సంచి ఉంది. మాలిన్ దాన్ని లాగి వెనక్కి విసిరింది. పట్నం దాకా తూవా మాట్లాడుతూనే ఉంది: లెక్కల టీచరు విగ్గు, నేస్తంతో తగాదా, ఫిబ్రవరిలో జరిగినవి, పోయిన ఏడాది జరిగినవి. మాలిన్ వింటూ వింటూ కార్యాలయం మలుపు దాటేసింది.

లోపల ముప్పావు గంట పట్టింది. మాలిన్ బయట వ్యానులో, వెనక సీట్లలో మూతికి పాలు అంటుకున్న కవలలు వాగుతుంటే, స్టీరింగు పట్టుకునే కూర్చుంది. గెలుస్తానని కారు కొనలేదు ఇప్పుడు. ఓడిపోయినా ఆ ముందు సీటు తూవాదే.

తూవా వచ్చి ఎక్కింది. పట్టీ పెట్టుకుంది. మాలిన్ బండి తీసి రోడ్డెక్కించింది.

“అడగవా?” అంది తూవా.

“నువ్వు చెప్తే వింటాను.”

“ఎప్పటిలాగే అన్నాను. ఒక వారం ఇక్కడ, ఒక వారం అక్కడ. ముందు ఫోన్లో నాన్న దగ్గరే అని చెప్పావుగా, ఎందుకు మారావని అడిగింది ఆ ఆఫీసావిడ.”

“ఏమన్నావు?”

“కారు కొన్నాం అన్నాను.” తూవా నవ్వింది. “ఏం కారు అని అడిగింది. రొట్టెలది అన్నాను. పాపం, ఏం రాసుకోవాలో తెలియలేదు ఆవిడకి.”

మాలిన్‌కి ఎదుటి రోడ్డు మసకగా కనపడింది. చేత్తో కళ్ళు తుడుచుకుంది.

“అమ్మా, ఇంటికి మిట్ట రోడ్డున పోదాం. తాతయ్య నీకు నేర్పినట్టు తోలు.”

మాలిన్ గేరు తగ్గించి కాలు ఆన్చింది. రొట్టె పెట్టె దగ్గింది, ఆలోచించింది, పరుగందుకుంది. మిట్ట ఎక్కి దిగేచోట నాలుగు చక్రాలూ ఒక్క క్షణం బరువు మరిచిపోయాయి. వెనక వరసంతా కేరింతలు కొట్టింది. అందరికంటే పెద్దగా అరిచింది తూవానే, తల్లి చెవి పక్కనే.