చవితి దాటనీ

నాగులచవితి పొద్దున వాకిట్లో కళ్ళాపి చల్లుతూ తాయారు తూర్పు వైపు చూసింది. మబ్బు కమ్ముకొస్తోంది. గాలి చెమ్మగా, ఒక దారీతెన్నూ లేకుండా కొడుతోంది. కార్తీకంలో ఇలాంటి గాలి పుట్టిందంటే సాయంత్రానికి వాన ఖాయమని బొబ్బిలి చుట్టుపక్కల పసిపిల్లలకి కూడా తెలుసు. తెలియనట్టు కూర్చున్నది అత్త లక్ష్మణమ్మ ఒక్కతే. అరుగు మీద అడ్డపొగ వేసుకుని, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, ఊళ్ళో ఎవరితోనూ పనిలేనట్టు చుట్ట పీలుస్తోంది.

పెరట్లో కంది చాటున నాలుగు గంజాయి మొక్కలు వేసుకోవడం ఆ ఇంట్లో తాతలనాటి అలవాటు. అబ్కారీ వాళ్ళ కంట పడకుండా కందే కాపు కాసేది. పశువుకో మనిషికో నొప్పి వస్తే పనికొచ్చేవి. ఈ ఏడు మాత్రం అవే దిక్కయ్యాయి. మావ దాలయ్యకి కడుపులో గడ్డ లేచింది. పట్నం ఆసుపత్రిలో చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. గంజాయి వేయించి పాలల్లో కాచి ఇస్తే తప్ప ఆయన కన్ను మూతపడదు. పాత సరుకు దసరాకే అయిపోయింది.

కొత్త పూగుత్తులు జిగురెక్కి ఎర్రబడి చాలా రోజులైంది. తాయారు కోద్దామన్నప్పుడల్లా అత్త ఏదో ఒక అడ్డు చెప్పేది. పున్నమి పోనీ అంది, పండగ పోనీ అంది, నిన్న మంగళవారమంది. ఇవాళ సరే సరి, చవితి నాడు కత్తి పడితే నాగులకి తగులుతుందట. మొగుడు గంగులుకి చెబితే అమ్మ మాట వినమని బండి కట్టుకుని పోయాడు. అమ్మకి ఎదురుచెప్పే మగాడైతే ఇంత దూరం ఎందుకు వస్తుంది!

లోపలి నుంచి మూలుగు వినిపించింది. తాయారు చూరులోంచి కొడవలి తీసింది. లక్ష్మణమ్మ పెరటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"సవితి దాటనీ అన్నానా నేదా?"

"ఈలోగా వానొస్తాది. తడిస్తే పువ్వంతా కుళ్ళిపోద్ది. అప్పుడేటి పెడతావు మావకి?"

"నా మొగుడి గురించి నాకే సెప్తన్నావేటే? నిన్నగాక మొన్నొచ్చిన గుంటవి."

ఆ తర్వాత తాయారు పుట్టింటి వాళ్ళు ఏడు తరాల దాకా వీధిలోకొచ్చారు. తాయారూ తగ్గలేదు. తిట్లకి ఆ ఇంట్లో ఎన్నడూ కరువు లేదు. చివరికి ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్న మాట అనేసింది.

"మావ బేగి పోవాలని నీకున్నాది. అందుకే మొక్కల్ని కుళ్ళబెడతన్నావు."

లక్ష్మణమ్మ కొట్టడానికి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి దించేసుకుంది.

"కుళ్ళబెడతన్నాను, నిజమే. ఆ పాలు పడితే ఆయన మత్తుగా పడుంటాడు. నన్నే ఎవరివంటాడు. ఆ సరుకు అయిపోయిన కాడ్నించి పేరెట్టి పిలుస్తన్నాడే. జన్మంతా బండి తోలి, తిని తొంగున్నాడు గానీ నాతో నాలుగు మాటలాడినోడు కాడు. ఇప్పుడే కదే మాటాడతన్నాడు."

తాయారుకి జాలి వేసింది. జాలి కంటే ముందు ఒళ్ళు మండింది.

"నువ్వు బైటికొచ్చినప్పుడల్లా నొప్పికి తువ్వాలు నోట్లో కుక్కుకుంటన్నాడత్తా. నువ్వొస్తే తీసేసి కబుర్లు సెప్తన్నాడు. ఆ తువ్వాలు నానే ఉతుకుతన్నాను. నెత్తురుంటాది దానికి."

లక్ష్మణమ్మ అబద్ధమంది. విసురుగా లోపలికి పోయింది. దాలయ్య ఆమెను చూసి నవ్వి, వానొస్తాదేటే లచ్చనా, అని అడిగాడు. ఆమె దిండు కింద చెయ్యి పెట్టింది. తువ్వాలు తడిగా తగిలింది.

బయటికొచ్చి కోడలి చేతిలో కొడవలి లాక్కుంది. ఇవాళ చవితి కదా, నేను కోస్తానంది తాయారు.

"పాము కరిస్తే నన్నే కరవనీ," అంది లక్ష్మణమ్మ.

ఆఖరి మొక్క చావిడిలోకి చేరేసరికి వాన అందుకుంది. దీపాల వేళకి ఆమె స్వయంగా నిప్పుల మీద వేయించి, పాలు కాచి, పక్కన కూర్చుని పట్టించింది. దాలయ్య పెళ్ళైన కొత్తలో వేగావతి ఏరు దాటుతుంటే బండి ఒరిగిపోయిన సంగతి చెబుతున్నాడు. నువ్వు నా మెడ పట్టుకుని, అన్నాడు. మాట ముద్దైపోయింది. తర్వాత నిద్ర పట్టేసింది. మొహం మీద ముడతలన్నీ సడలాయి.

గుమ్మంలో తాయారు కొంగుతో కళ్ళు తుడుచుకుని, అన్నానికి రమ్మంది.

"నువ్ తినేయే," అంది లక్ష్మణమ్మ, మొగుడి చెయ్యి వదలకుండా. "కత సగంలో ఆగిపోనాది. మిగిలింది నాను సెప్తాను ఆయనకి."