పడవ కొసన బాపు

మొదటి షిఫ్టు సైరన్ మోగేసరికి సరోజన పొయ్యి మీద చాయ పెట్టింది. అది మరిగేలోపు ఛార్జరు నుంచి ఫోను తీసి కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. తెర నిండా నీలంరంగు, దాని నడుమ ఆవగింజంత ఎర్ర చుక్క. ఆ చుక్క ఆమె కూతురు నవీన.

"ఇయ్యాల జర పైకొచ్చింది. నిన్న గీడుండె, ఇయ్యాల గీడుంది," అంది, వంటింటి గుమ్మంలోంచి మొగుడికి వినపడేలా.

రాయమల్లు బూట్ల లేసులు కట్టుకుంటూ తల ఎత్తలేదు. "టిఫిన్ పెట్టు. బస్సు పోతది," అన్నాడు.

గోదావరిఖనిలోని ఆ కంపెనీ క్వార్టర్లో రెండేళ్ళుగా ప్రతి ముచ్చటా ఇలాగే తెగిపోతోంది. నవీన పేరు వస్తే అతడికి బస్సో, బజారో, నీళ్ళ ట్యాంకో గుర్తొస్తుంది. ఆదివారం కూతురు ఫోన్ చేస్తే చెప్పులేసుకొని వాకిట్లోకి పోతాడు. పక్క క్వార్టర్ శంకరవ్వ ఎన్నోసార్లు అడిగింది, "బిడ్డతోని ఏం పంచాయితి?" అని.

పంచాయితీ నీళ్ళతోనే. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నప్పుడు నవీన హుస్సేన్‌సాగర్ మీద తెరచాప పడవ నడపడం నేర్చుకుంది. పోటీల్లో పతకాలు తెచ్చింది. పిల్లలకు పడవ నడపడం నేర్పే కొలువు దొరికి గోవా పోయింది. అందాకా రాయమల్లు ఓర్చుకున్నాడు. కాని రెండేళ్ళ కిందట ఇంటికి వచ్చి, "బాపు, మారిషస్ కాడ్నుంచి గోవా దాంక ఒక్కదాన్నే పోత. ఎక్కడ ఆగ, ఎవల సాయం తీసుకోను. ఇప్పటిదాంక ఒంటరిగ పోయినోళ్ళందరి కన్న జల్ది పోవాలె. గదే రికార్డు," అని చెప్పినప్పుడు అతడి మొహం నల్లబడింది.

"నా బతుకంత నీళ్ళను తోడిపోసుడే అయింది. నువ్వు పోయి నీళ్ళల్ల పడుతవా? పోతే పో. మళ్ళ నాతోని మాట్లాడకు," అన్నాడు. ఆ పిల్లా తండ్రికి తగ్గదే. మాట్లాడలేదు. అన్నట్టే ఇప్పుడు ఆ దారిలోనే ఉంది; ఫోనులోని ఎర్ర చుక్క ఆమె పడవదే.

రాయమల్లుది బొగ్గు బాయిలో పంపు మీద పని. బొగ్గు తీసేసిన పాత దారుల్లో ఊరే నీళ్ళను పైకి తోడకపోతే కింద పనిచేసేవాళ్ళు మునిగిపోతారు. గంటసేపు నడిస్తే గాని చేరలేనంత లోపల, నెత్తి మీది లైటు తప్ప మరో వెలుగు లేని చోట, పంపు పక్కన ఒక్కడే కూర్చుంటాడు. షిఫ్టులో ఒకసారి పని చూసే సర్దార్ వచ్చి చూసిపోతాడు. మిగతా పొద్దంతా పంపు చప్పుడే. ఇన్నేళ్ళలో మాట్లాడే అలవాటే తప్పింది. ఇంటికి వచ్చినా ఆ చప్పుడు చెవుల్లోంచి పోదు.

ఆ రోజూ అలాగే దిగాడు, అలాగే ఎక్కాడు. మధ్యాహ్నం దాటాక క్వార్టర్ ముందు బస్సు దిగేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు. సరోజన గడప మీద ఫోను ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి ఆగినట్టున్నాయి కళ్ళు.

"ఏమైంది?" అన్నాడు.

"విజయేందర్ సారు ఫోన్ చేసిండు."

విజయేందర్ నేవీలో పనిచేసి వచ్చిన హైదరాబాదీ. గోవా ఒడ్డున కూర్చొని నవీనకు గాలి కబుర్లు, తుఫాను కబుర్లు అందించేది ఆయనే. ఇంతవరకూ ఎప్పుడు ఫోన్ చేసినా మంచి మాటే చెప్పేవాడు.

"పడవ ఆగిపోయిందట. భూమి నడిమి గీత కాడ నాలుగు దినాల సంది గాలి సగం సగమే ఉండెనట, ఇప్పుడు మొత్తమే లేదట. నీళ్ళు అద్దం లెక్క నిలబడ్డయట. గాలి ఎప్పుడొస్తదో అని మన పిల్ల కన్ను మూస్తలేదట. నిద్రలేక..." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "నిద్రలేక తెలివి తప్పి మాట్లాడుతున్నదట."

"ఏమంటున్నది?"

సరోజన లేచి నిలబడింది. పెళ్ళయినప్పటి నుంచీ అతడు ఆమె మొహంలో అంత కోపం చూడలేదు.

"పడవ కొసకు బాపు కూసున్నడు అంటున్నదట. నువ్వే! బాయి బట్టల మీద, అటు మొహం పెట్టి కూసున్నవట. ఎంత పిలిచినా పలుకుతలేవట. ఆమె నడుముకు తాడు ఉంటదట గదా, నీళ్ళల్ల పడకుంట. గా తాడు కొసదాంక అందదట. 'విప్పుకొని బాపు కాడికి పోత' అన్నదట సారుతోని. ఇంట్ల మాట్లాడకపోతివి. ఫోన్ల మాట్లాడకపోతివి. ఆఖరుకు సముద్రం నడుమ గూడ మాట్లాడవా?"

రాయమల్లు చేతిలోని టిఫిన్ డబ్బా కింద పెట్టాడు.

"నేను మాట్లాడితే ఏమైతది? గా సారు సదువుకున్నోడు, ఆయనే చెప్పాలె. నాకు మాటలు రావు."

"సారు చెప్పి చెప్పి అలిసిపోయిండు. ఇప్పుడు పిల్ల ఆయన ఫోన్ గూడ ఎత్తుతలేదు. 'చేతిసాయం చేస్తే రికార్డు పోతదమ్మా, మాటసాయానికి ఏం కాదు, వాళ్ళ బాపును మాట్లాడమనుండ్రి' అని బతిమిలాడిండు."

"నేను ముందే వద్దన్న. నీళ్ళు ఎసొంటియో నాకు ఎరుక. బుగులైతది సరోజనా, భయమైతది. ఎన్నడు గా పిల్ల పేరు ఎత్తినా నాకు బాయిల పోయిన హనుమండ్లు యాదికొస్తడు. గందుకే మాట్లాడలే. నీకు తెల్వదు గా బుగులు."

"నాకు తెల్వదా?" సరోజన గొంతు వీధి చివరిదాకా వినబడింది. "గా దినం నీళ్ళు మీద పడ్డయని సైరన్ కొడితే, పిల్లను సంకల పెట్టుకొని బాయి గేటు కాడ కూసున్నది ఎవలు? తెల్లారి ఒక్కొక్క పీనుగను తెస్తుంటే నువ్వు గాదని చూసుకున్నది ఎవలు? మళ్ళ నెల తిరగకముందే నువ్వు గదే బాయిల దిగినవు. నేను బస్సుకు అడ్డం పడుకున్ననా? దిగుతే నాతోని మాట్లాడకు అన్ననా? ఇన్నేండ్లు దినాం పొద్దున చాయ పోసి, నవ్వుకుంట పంపిన. నీ బుగులు నిన్ను మూగోణ్ణి చేసింది. నా బుగులును నేనేడ పెట్టుకోవాలె?"

రాయమల్లు గోడకు ఆనుకున్నాడు. రోజూ బస్సు మలుపు తిరిగేదాకా ఆమె గడపలో నిలబడేది. అది అలవాటని అనుకున్నాడు. ఆ నిలబడటం ఎంత బరువో అతడికి ఎన్నడూ తట్టలేదు. పంపు దగ్గర తానొక్కడే ఒంటరి అనుకొని బతికిన మనిషికి, అదే ఇంట్లో ఇంకొకరు అంతకన్నా ఒంటరిగా బతికారని అప్పుడు తెలిసింది.

"ఫోన్ కలుపుమను," అన్నాడు.

సముద్రం మీది ఫోను ఒక పట్టాన దొరకలేదు. మోగి మోగి ఆగిపోయింది. విజయేందర్ మళ్ళీ కలిపాడు. ఎన్నోసారికో అవతల గరగరమని చప్పుడు వచ్చింది. దాని వెనక ఊపిరి వినబడుతోంది.

"నవీనా," అన్నాడు రాయమల్లు. ఆ పేరు నోటితో పలికి రెండేళ్ళయింది. "నవీనా, నేను. బాపును."

మాట అంత దూరం పోయి, జవాబు తిరిగి వచ్చింది.

"తెల్సు," అంది నవీన. గొంతు ఎండుటాకులా ఉంది. "గక్కడే ఉన్నవు గదా. ఎంతసేపాయె పిలువబట్టి. ఇటు ఎందుకు చూస్తలేవు?"

అతడు కళ్ళు మూసుకున్నాడు. "బిడ్డా, ఆడ కూసున్నది నేను గాదు. నేను ఇంట్ల ఉన్న. మీ అవ్వ నా పక్కనే ఉంది."

"అబద్ధం. నాకు కనవడుతున్నవు."

"కనవడుతది. నాకూ కనవడ్డడు ఒకాయన."

ఇంట్లో సరోజన తల ఎత్తి చూసింది. ఈ మాట ఆమెకూ కొత్తే.

"నీకు నడకొచ్చిన ఏడాది బాయిల నీళ్ళు పడ్డయి. నేను ఎత్తు మీది దారిల చిక్కుకున్న. లైటు ఆరిపోయింది. తెల్లారిందో పొద్దుగూకిందో ఎరుకలేదు. అట్ల ఉండంగ ఉండంగ నాతోని పనిచేసే హనుమండ్లు కాక వచ్చి నా పక్కన కూసున్నడు. గంత చీకట్ల గూడ మంచిగ కనవడ్డడు. 'కింద తొవ్వ ఉంది, దా పోదాం' అన్నట్టు చెయ్యి ఊపిండు. నేను లేచిన. రెండడుగులు ఏసిన. కాళ్ళకు నీళ్ళు తాకినయి." అతడు ఇప్పుడూ కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. "ఆయన అప్పటికే సచ్చిపోయిండు బిడ్డా. నాకు తెల్వదు. పోతే నేను గూడ నీళ్ళల్లకే పోదును."

అవతల గరగర తగ్గింది. "మరి... ఎట్ల ఆగినవు?"

"నిన్ను పిలిచిన."

"నన్నా?"

"ఊఁ. మొత్తుకొని పిలిచిన. ఆ పిలుపుతోని ఆయన లేకుంటపోయిండు. ఇగ గప్పటికెల్లి నోరు మూయలే. బయటోళ్ళు వచ్చేదాంక నీతోనే ముచ్చట పెట్టిన."

"ఏం ముచ్చట బాపు?"

"సంటిపిల్లతోని ఏం ముచ్చట పెడుతరు? బువ్వ తిన్నవా, మట్టిల ఆడకు, చెప్పులేసుకో. గవే." అతడి చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. "నువ్వు నన్ను ఆపినవు. గిప్పుడు నేను చెప్తున్న, ఇను. నడుముకు తాడు ఉన్నదా?"

"ఉంది. కొక్కెం మీద చెయ్యి పెట్టుకున్న."

"చెయ్యి తియ్యి."

సరోజన మొగుడి భుజాన్ని గట్టిగా పట్టుకుంది.

"తీసిన," అంది నవీన.

"గిప్పుడు కొసకు చూడు. ఎవలన్న ఉన్నరా?"

అవతల ఏడుపు వినబడింది. చిన్నప్పుడు జాతరలో తప్పిపోయి దొరికినప్పటి ఏడుపు. "ఎవలు లేరు బాపు. ఎవ్వలు లేరు. నీళ్ళే ఉన్నయి."

"నేనున్న గదా ఫోన్ల. ఏమన్న తిన్నవా?"

"యాదికి లేదు."

"అవ్వ పంపిన సకినాలున్నయా? తిను. నేను లైన్లనే ఉంట."

సకినం విరిగిన చప్పుడు అంత దూరం నుంచి వచ్చి వాళ్ళ ఇంట్లో వినబడింది. సరోజన కొంగు నోట్లో కుక్కుకుంది. నీళ్ళు తాగించాక రాయమల్లు అన్నాడు, "ఇగ పండుకో."

"పండుకుంటే గాలొచ్చినప్పుడు ఎట్ల తెలుస్తది? టైం పోతది బాపు. ఇన్నేండ్ల కష్టం. రికార్డు పోతది."

రికార్డు పోతే పోనీ అనబోయి ఆగాడు రాయమల్లు. అది ఆ పిల్ల బతుకంతా కోరుకున్నది. అంత తేలిగ్గా అనగూడదని తోచింది.

"గిప్పుడు గాలి ఉందా?"

"లేదు."

"మరి లేని గాలికి కావలుండి ఏం జేస్తవు? కరెంటు పోతే మేము గూడ పంపు కాడ ఒక కునుకు తీస్తం. వచ్చినంక లేస్తం. సర్దారుకు చెప్పకు."

అవతల నుంచి నవ్వు లాంటిది వచ్చింది. సగంలోనే తెగిపోయి, మెల్లగా ఊపిరి చప్పుడుగా మారింది. ఫోను పక్కన పెట్టుకొని నిద్రపోయింది నవీన. లైను దానంతట అది తెగేదాకా రాయమల్లు ఫోను చెవి నుంచి తియ్యలేదు.

ఆ మరునాటి నుంచి షిఫ్టు దిగి రాగానే స్నానమైనా చేయకుండా ఫోను దగ్గర కూర్చునేవాడు. ఏం మాట్లాడాలో అతడికి ఇంకా సరిగా తెలియదు. బాయిలో ఇవాళ ఎన్ని నీళ్ళు ఊరాయో చెప్పేవాడు. శంకరవ్వ మనుమడికి పళ్ళు వచ్చాయని చెప్పేవాడు. నవీన వినేది. కొన్నిసార్లు ఇద్దరూ ఏమీ అనకుండా ఉండిపోయేవారు. అయినా అది మునుపటి మౌనం కాదు.

గాలి వచ్చింది. ఎర్ర చుక్క మళ్ళీ కదిలింది. కాని నవీన నిద్రపోయిన వేళలో ఒక చిన్న గాలి వచ్చి దాటిపోయిందని, అది దొరికి ఉంటే లెక్క వేరుగా ఉండేదని విజయేందర్ ఒకనాడు నోరు జారాడు. ఆ మాట రాయమల్లు గుండెలో ముల్లులా ఉండిపోయింది. పండుకోమన్నది తానే.

మొగుడూ పెళ్ళాం రైలెక్కి గోవా పోయారు. రాయమల్లు సముద్రాన్ని చూడటం అదే మొదలు. రేవులో నిలబడి ఎంత దూరం చూసినా అవతలి గట్టు కనబడలేదు. ఇందులో తన పిల్ల ఒక్కతే అన్ని రోజులు ఉందా అనుకుంటూ ఒక ఇనుప గుంజ మీద కూర్చున్నాడు. ఇన్ని నీళ్ళను ఏ పంపూ తోడలేదు.

సాయంత్రం ఎండలో తెల్లని తెరచాప రేవులోకి వచ్చింది. రికార్డుకు ఒక్క పూట ఆలస్యంగా. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారుగాని, అందులో జాలి కలిసి ఉంది. నవీన గట్టు మీద కాలు పెట్టగానే తూలింది. ఎండకు కమిలిన మొహం, పగిలిన పెదవులు, తాళ్ళు కోసిన అరచేతులు. సరోజన పరుగెత్తి పట్టుకుంది. తల్లి భుజం మీది నుంచి నవీన తండ్రి వైపు చూసింది.

"ఒక్క పూట, బాపు," అంది. "ఒక్క పూటల పోయింది."

రాయమల్లు దగ్గరికి వచ్చాడు. "పండుకోమన్నది నేనే బిడ్డా. గా నడుమ గాలి వచ్చి పోయిందట. సారు చెప్పిండు."

"తెల్సు."

"నా మీద కోపమున్నదా?"

నవీన తల అడ్డంగా ఊపింది. "నాకు రికార్డు కావాలె బాపు. గిప్పటికీ కావాలె. కాని నువ్వు గా ఫోన్ల పలకకపోతే, గీ పడవ ఒక్కటే వస్తుండె ఒడ్డుకు. నేను రాకపోదును."

రాయమల్లు కూతురి అరచేతులు పట్టుకొని చూశాడు. తనవి నల్లగా, ఆమెవి ఎర్రగా ఉన్నాయి. రెండింటిలోనూ కాయలే. రైలెక్కినప్పటి నుంచీ మనసులో పెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఇక చాలు, ఇంటికి పోదాం అనాలనుకున్నాడు. అవేవీ కాక, అనుకోని మాట ఒకటి బయటికి వచ్చింది.

"మళ్ళెప్పుడు పోతవు?"

సరోజన గయ్యిమంది. "నీకేమన్న పిచ్చా? పిల్ల ఇంకా ఇంటి మొహం చూడలే, గప్పుడే పంపబడితివి?"

"పంపుతలేను," అన్నాడు రాయమల్లు, కూతురి చేతులు వదలకుండానే. "ఎట్లైన పోతది గదా. ఎప్పుడో ముందే చెప్తే షిఫ్టు మార్పించుకుంట. ఫోన్ కాడ మనిషి ఉండాలె."

తెరచాప దించినప్పుడు కూడా ఏడవని నవీన, ఆ మాటకు తండ్రి ఛాతీ మీద మొహం పెట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చింది. రాయమల్లు ఆమె తల నిమురుతూ, ఏమీ తోచక, బువ్వ తిన్నవా అని అడిగాడు.