నీకే, తీసుకో!

జుమానా చెవిలోంచి ఇయర్‌ఫోన్ జారి సరిగ్గా నిస్రీన్ మిస్ టీ గ్లాసులో పడింది.

డుబుక్!

మిస్ ఆ టీ ఇంకా ఒక్క గుక్క కూడా తాగలేదు. జుమానా ఏం రాసిందో చూద్దామని వంగింది, అంతే. పుదీనా ఆకుల కింద తెల్లటి ఇయర్‌ఫోన్ నెమ్మదిగా మునిగిపోయింది.

"మిస్, అది ఈత నేర్చుకుంటోంది" అన్నాడు వెనక వరసలోంచి సుఫ్యాన్. కంప్యూటర్ గది అంతా గొల్లుమంది.

మిస్ నవ్వు ఆపుకొని జుమానా కాగితం చేతిలోకి తీసుకుంది. "డాక్టరు ఎక్కడికి వెళ్ళాడు? జవాబు: మేక కడుపులోకి. ఇదేంటమ్మా?"

"డాక్టరు బస్సు దిగాడు అన్నంతవరకు విన్నాను మిస్. అప్పుడు ఇది ఊడి బల్ల కింద పడింది. వెతికి పెట్టుకునేసరికి 'మేక గుటుక్కున మింగేసింది' అని వినిపించింది."

"మింగింది డాక్టరును కాదు. ఆయన చేతిలో ఉన్న చీటీని."

మళ్ళీ నవ్వులు. జుమానా కూడా నవ్వింది కానీ, లోపల గుబులుగానే ఉంది. ఇది ఉత్త ప్రాక్టీసు. ఇంగ్లీషు కథ విని జవాబులు రాసే అసలు పరీక్ష గురువారం ఉంది. అందులో మొదట వచ్చినవాళ్ళు నెలరోజుల పాటు పొద్దున్నే అందరి ముందు మైకులో 'స్కూలు రేడియో' వార్తలు చదువుతారు. "బాగా వినేవాళ్ళకే మైకు" అనేది నిస్రీన్ మిస్ పద్ధతి.

జుమానా రెండో క్లాసు నుంచీ ఆ మైకు మీద కన్నేసింది. గొంతు గంటలా ఖంగుమంటుంది. చిక్కల్లా చెవులతోనే.

ఆ సాయంత్రం నానమ్మ ఆమెను వెంటబెట్టుకుని బజారులో అబూ సఖర్ సెల్‌ఫోన్ల కొట్టుకు వెళ్ళింది. అబూ సఖర్ అటకమీద డబ్బాలన్నీ దించాడు. కొన్నిటికి మూడు సైజుల రబ్బరు తొడుగులున్నాయి. వాటిలో అన్నిటికంటే చిన్నది కూడా జుమానా చెవిలో దూరలేదు. నొక్కితే నొప్పి, వదిలితే జారుడు. చెవి వెనక కొక్కెంలా తగిలించేది పెడితే చెవే ముందుకు ముడుచుకుంది. పెద్ద హెడ్‌ఫోన్లు పెడితే మెడలోకి జారి హారంలా వేలాడాయి.

"ఇది చూడు, దీన్ని మించింది లేదు. ఏదీ, ఒకసారి తల ఊపు" అన్నాడు అబూ సఖర్.

ఊపింది. ఇయర్‌ఫోన్ ఎగిరి ఆయన చొక్కా జేబులో పడింది.

"నా సరుకులో లోపం లేదు పెద్దమ్మా. ఈ పిల్ల చెవులే మరీ చిన్నవి."

నానమ్మకు రోషం వచ్చింది. "అవి మా పుట్టింటి చెవులు నాయనా! పిస్తాపప్పుల్లా ఉంటాయి. మా అమ్మవీ అవే, నావీ అవే. నీ సరుకే మా చెవులకు తగ్గట్టు లేదు."

వచ్చేముందు నానమ్మ మూలనున్న బుట్టలోకి చూసింది. "ఆ విరిగిన హెడ్‌ఫోన్లేం చేస్తావ్?"

"పారేస్తాను పెద్దమ్మా."

"ఇలా ఇయ్యి. లోపలి స్పీకరు బిళ్ళలు పలుకుతున్నాయో లేదో చూసి ఇయ్యి."

ఎందుకని జుమానా అడగలేదు. ఆమె మూతి ముడుచుకోవడంలో తీరిక లేకుండా ఉంది.

మంగళవారం పొద్దున స్కూలు బస్సులో జుమానా పక్కన, ఆమె క్లాసులోనే చదివే ఔన్ కూర్చున్నాడు. వాళ్ళ ఇల్లు జుమానా వాళ్ళ వీధి మెట్లకు అడుగున ఉంటుంది. ఔన్ పేరుకు తగ్గట్టే ఎవరేమన్నా ఔననే రకం. వాడి తలమీద నీలం హెడ్‌ఫోన్లు ఉన్నాయి. అవి రోజూ ఉండేవే. కానీ ఈ రోజు జుమానా వాటిని కొత్తగా చూసింది. ఎంత చిన్నవి! చెవుల మీద మెత్తటి గుడ్డ దిండ్లు. వైరు ఒకటి కిందికి దిగి వాడి జేబులోకి పోయింది.

"ఔన్, ఇవి ఎంత బాగున్నాయి!"

ఔన్ ఒక చెవి మీది దిండు పైకెత్తి విన్నాడు. వెంటనే అన్నాడు: "నీకే, తీసుకో."

వాళ్ళుండే సల్త్ ఊళ్ళో ఇది పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన మర్యాద. ఎవరి వస్తువునైనా బాగుందంటే వాళ్ళు "నీకే, తీసుకో" అంటారు. అప్పుడు మనం "నీ దగ్గరే దానికి అందం" అనాలి. వస్తువు ఉన్నచోటనే ఉంటుంది. మాట ఒకటి వెళ్తుంది, మాట ఒకటి వస్తుంది. ఇద్దరికీ సంతోషం.

జుమానాకు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడ ఆగింది. గురువారం గుర్తొచ్చింది. మైకు గుర్తొచ్చింది. వచ్చిన మాటను, మేక చీటీని మింగినట్టు, గుటుక్కున మింగేసింది.

"థాంక్స్!" అంది.

ముందు సీటులో సుఫ్యాన్ వెనక్కి తిరిగి చూశాడు. డ్రైవరు అబూ నిదాల్ కూడా అద్దంలోంచి చూశాడు. ఔన్ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. తర్వాత మెల్లగా హెడ్‌ఫోన్లు తీసి, జేబులోంచి వైరు లాగి, చక్కగా చుట్టి ఆమె ఒడిలో పెట్టాడు.

ఇంటికెళ్ళి పెట్టుకుంటే, అబ్బ! గుచ్చుకోలేదు, జారలేదు. కథంతా వినిపించింది. జుమానా మంచం మీద గెంతుతూ విన్నా ఊడలేదు.

"ఎక్కడివే అవి?" నానమ్మ ఉన్ని అల్లుతూ అడిగింది.

"ఔన్ ఇచ్చాడు. బాగున్నాయన్నాను. నీకే అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"థాంక్స్ అన్నాను."

నానమ్మ చేతిలో సూదులు ఆగిపోయాయి. "ఏమన్నావ్?"

"వాడే కదా ఇచ్చాడు! నేను అడగలేదు. లాక్కోలేదు."

నానమ్మ అలమరలో మెరుస్తున్న ఇత్తడి కాఫీ కూజా వైపు చూసింది. "ఆ కూజా బాగుందని నలభై ఏళ్ళలో ఈ ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ అంది. అందరికీ నీకే అన్నాను. వాళ్ళలో ఒక్కరు నీలాంటివాళ్ళు తగిలినా ఈపాటికి మనం దోసిట్లో కాఫీ తాగుతుండేవాళ్ళం."

జుమానా నవ్వలేదు. "పరీక్ష గురువారం నానమ్మా. నాకు కావాలి."

"అలాగా" అంది నానమ్మ. మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది.

బుధవారం పొద్దున ఔన్ కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. రెండు చెవుల్లో రెండు చూపుడు వేళ్ళు. ఒడిలో ఆలివ్ నూనె రాసిన రొట్టె. వేలు తీసి రొట్టె అందుకోబోయాడు. అబూ నిదాల్ 'పాం' అని హారన్ కొట్టాడు. వేలు మళ్ళీ చెవిలోకి వెళ్ళింది. ఇంకోసారి తీశాడు. 'పాం పాం!' మళ్ళీ వెళ్ళింది. చివరికి చెవుల్లో వేళ్ళు అలాగే ఉంచి, ఒంగి, పిల్లిలా నోటితోనే రొట్టె అందుకున్నాడు.

బస్సంతా నవ్వింది. జుమానా కూడా నవ్వింది.

ఇంతలో సిలిండర్లమ్మే గ్యాస్ బండి ఒకటి వీధి మలుపులో బస్సు వెనక చేరింది. దాని మైకులోంచి రోజూ వచ్చే అదే టింగుటింగు పాట. ఆ కొండదారిలో దానికి పక్కకు తప్పుకునే చోటు లేదు. పాట ఆగలేదు. ఔన్ రొట్టె వదిలేశాడు. మోకాళ్ళ మధ్య తల దూర్చి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రొట్టె దొర్లి సీటు కిందికి పోయింది.

ఎవరూ నవ్వలేదు. జుమానా వాడి భుజం తట్టింది. "ఏమైందిరా?"

"ఏం లేదు. అంతా బాగానే ఉంది."

బాగున్నవాళ్ళ కళ్ళు అంత తడిగా ఉండవు. గ్యాస్ బండి ఒక సందులోకి తిరిగేదాకా జుమానా ఆగింది. "రోజూ నువ్వేం పాటలు వినేవాడివి?"

"పాటలా? ఆ వైరు దేనికీ పెట్టను. ఊగులాడకుండా జేబులో వేసుకుంటానంతే. నాకు పెద్ద చప్పుళ్ళు గుచ్చుకుంటాయి. ముళ్ళలాగ. అవి పెట్టుకుంటే కాస్త మెత్తబడతాయి."

జుమానా వాడి ఖాళీ చెవుల వైపు చూసింది.

"తోలు దిండ్లయితే దురద. గట్టివైతే నొప్పి. మా అమ్మ నాతో పాటు ఏడు కొట్లు తిరిగింది. చివరికి నా పాత పైజమా కత్తిరించి వీటికి తొడుగు కుట్టింది" అన్నాడు ఔన్. "దాని మీద బాతులున్నాయి. చూశావా?"

చూసింది. పరీక్షకు అదృష్టం తెస్తాయనుకుంది కూడా.

"మరి నాకెందుకిచ్చావురా, మొద్దూ!"

ఔన్ ఆశ్చర్యంగా చూశాడు. "బాగున్నాయన్నావు కదా. మరేమనాలి? నువ్వు ఆ మాట అంటావనుకున్నాను."

ఏ మాట అని జుమానా అడగలేదు. అది నిన్నటినుంచీ గొంతులోనే ఉంది, ఖర్జూరం గింజలా.

స్కూలు అవగానే హెడ్‌ఫోన్లు పట్టుకుని వీధి మెట్లు రెండేసి చొప్పున దిగింది. తలుపు తీసింది ఔన్ వాళ్ళమ్మ.

"అరే, ఇవి నీ దగ్గరున్నాయా? స్కూల్లో మర్చిపోయానన్నాడే మావాడు!"

వెనక నిలబడ్డ ఔన్ ముఖం దానిమ్మ గింజలా ఎర్రబడింది.

"మర్చిపోలేదు ఆంటీ. నేను బాగున్నాయన్నాను. వాడు నీకే అన్నాడు. నేను... థాంక్స్ అన్నాను."

వాళ్ళమ్మ పెదవి కొరికి నవ్వు ఆపుకొంది. కానీ మర్యాద మర్యాదే. "దానికేముందమ్మా, ఇచ్చిందేదో ఇచ్చాడు. నీకే, తీసుకో."

"వద్దు ఆంటీ."

"ఔను, నీకే" అన్నాడు ఔన్.

"వద్దురా."

"మా ఇంటికొచ్చి ఖాళీ చేతులతో వెళ్తావా? నీకే తల్లీ!"

ఇలా అయితే రాత్రి భోజనాల వేళ దాకా తెమలదని జుమానాకు అర్థమైంది. ముందుకెళ్ళి హెడ్‌ఫోన్లను రెండు చేతులతో ఔన్ తలమీద పెట్టేసింది.

"నీ దగ్గరే దానికి అందం" అంది.

"ఏంటీ? వినబడలేదు" అన్నాడు ఔన్.

"నీ దగ్గరే దానికి అందం!" అని గంట మోగినట్టు అరిచింది. ఔన్ ఉలిక్కిపడి కళ్ళు మూసుకున్నాడు. జుమానా నాలుక కరుచుకుంది. వాడి చెవి మీది దిండు కొంచెం పైకెత్తి, గుసగుసగా మూడోసారి చెప్పింది.

ఇంటికి తిరిగొచ్చి గుమ్మంలోనే కూలబడింది. "ఇచ్చేశాను నానమ్మా. రేపు మేక ఎవరిని మింగుతుందో ఏమో."

నానమ్మ అల్లుతున్న చివరి ముడి వేసి, దారం కొరికి, ఆ అల్లిక తెచ్చి జుమానా తలకు తొడిగింది. అది వెడల్పాటి ఉన్ని పట్టీ. ఎర్రటి ఎరుపు. చెవుల దగ్గర లోపల చదునుగా రెండు బిళ్ళలు తగిలాయి. అవి అబూ సఖర్ బుట్టలోవి. కింద నుంచి వైరు వేలాడింది.

"తల ఊపు."

ఊపింది. గెంతింది. మంచం మీద పల్టీ కొట్టింది. పట్టీ కదల్లేదు. చెవిలో దూరేది ఏదీ లేదు కాబట్టి ఊడేదీ లేదు.

"దీన్ని ఎప్పుడు మొదలుపెట్టావు?"

"నువ్వు థాంక్స్ అనకముందే" అంది నానమ్మ. "కొలతకు నా తల ఉందిగా."

గురువారం సుఫ్యాన్ ఆ పట్టీ చూసి "పన్ను నొప్పా?" అని అడిగాడు. "ఔను, నిన్ను చూస్తే వస్తుంది" అంది జుమానా. ఔన్ తన హెడ్‌ఫోన్ల వైరును మొదటిసారి దేనికైనా తగిలించాడు. నిస్రీన్ మిస్ తన టీ గ్లాసును దూరంగా, కిటికీ మీద పెట్టుకుంది.

చివరి పీరియడ్‌లో మార్కులు చదివారు. జుమానాకు పదికి తొమ్మిది. ఉన్ని దురద పెట్టి గోక్కుంటుండగా ఒక వాక్యం జారిపోయింది. ఔన్‌కు పదికి పది.

"మైకు ఔన్‌ది!" అంది మిస్.

చప్పట్లు మోగాయి. ఔన్ ముఖం పాలిపోయింది. జుమానా వైపు తిరిగి అన్నాడు: "నీకే, తీసుకో."

క్లాసంతా జుమానా వైపే చూసింది. సుఫ్యాన్ అయితే లేచి నిలబడి చూశాడు.

జుమానాకు కళ్ళు చెమర్చాయి. కానీ మాట ఈసారి ఎక్కడా ఆగలేదు. "నీ దగ్గరే దానికి అందం" అంది.

"కాదు!" అన్నాడు ఔన్. వాడి నోట ఆ మాట ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. "కాదు, కాదు! ఇది మర్యాదకు కాదు. నిజంగా తీసుకో! ఆ మైకు కీచుమంటే నాకు పళ్ళు కూడా నొప్పెడతాయి!"

మిస్ అంత గట్టిగా నవ్వడం కూడా ఎవరూ విని ఉండరు.

శుక్ర, శనివారాల సెలవులు ముగిసి, ఆదివారం పొద్దున స్కూలంతా వరసల్లో నిలబడింది. జుమానా కాగితం పట్టుకుని మైకు ముందుకొచ్చింది. మైకు 'గుయ్' మనడం మొదలుపెట్టింది. మొదలుపెట్టమని మిస్ సైగ చేసింది.

జుమానా మొదలుపెట్టలేదు. మైకు ఆపే మీటను నొక్కింది. చప్పుడు ఆగింది. అయిదో క్లాసు వరసలో ఔన్ బ్యాగు జిప్పుతో కుస్తీ పడుతున్నాడు. హెడ్‌మాస్టరు గడియారం చూసుకున్నారు. జుమానా ఆగింది. సుఫ్యాన్ వంగి ఆ జిప్పు లాగాడు. నీలం హెడ్‌ఫోన్లు బయటికొచ్చాయి. ఔన్ రెండు బాతుల దిండ్లూ చెవుల మీద సర్దుకుని, బొటనవేలు పైకెత్తి చూపించాడు.

అప్పుడు జుమానా మళ్ళీ మీట నొక్కి, మైకుకు ఒక అడుగు దూరం జరిగి, గంటలాంటి గొంతును కాస్త తగ్గించి చదవడం మొదలుపెట్టింది.