ఆయన లేరు, పిలవకండి

మా బావ పనిచేసే బ్లడ్ బ్యాంకులో మెట్ల కింద ఒక గది ఉంది. చీకటి పడ్డాక అటు వెళ్లమంటే నర్సులు కూడా ససేమిరా అనేవారు. అక్కడ గోడలోంచి ఆడమనిషి మాట్లాడుతుందని పుకారు.

మా బావ దెయ్యాలకి జడిసే రకం కాదు. బల్లి కనిపిస్తే మాత్రం మంచమెక్కుతాడు. కంప్యూటర్ లైన్లు చూసే పాత ఇంజనీరు గుండెపోటుతో పోతే ఆ పనిలోకి వచ్చాడు.

గదిలో ఉన్నదల్లా ఒక రౌటరు, పక్కన ఫోన్ తీగ తగిలించిన పాత మోడెం. ఏ ఆసుపత్రికి ఏ రక్తం కావాలో హెడ్డాఫీసు నుంచి లైను మీద వస్తుంది. ఆ లైను పడిపోతే రౌటరు మోడెం చేత హెడ్డాఫీసుకి ఫోన్ చేయించి పని నడిపించాలి. నడవడం లేదు! అక్కడెవరో ప్రాణాలు ఉగ్గబట్టుకుని రక్తం కోసం చూస్తుంటే, ఇక్కడ తెర మీద ఉలుకూ పలుకూ ఉండదు.

"ఆ ఫోన్ తీగ పీకి పారేయండి సార్... ఆ గొంతు అందులోంచే వస్తోంది," అన్నాడు వాచ్‌మన్, గొంతు తగ్గించి.

"ముట్టుకున్నావంటే ఊరుకోను," అన్నాడు మా బావ.

ఒక రాత్రి లైను పడింది. మోడెం టకటకా నంబరు కొట్టింది. ఒక రింగు... ఇంకో రింగు... ఎవరో ఎత్తారు. మోడెం కీచుమంది. ఆ కీచు వెనకాల, చిన్న స్పీకర్లోంచి, ఏడ్చి ఏడ్చి అరిగిన గొంతు —

"ఆయన లేరు... ఇక పిలవకండి."

మా బావకి ముచ్చెమటలు పట్టాయి. అయినా పారిపోలేదట. అతనే చెప్పాడు, నమ్మాలి మరి! రౌటర్లో ఉన్న నంబరు చూశాడు. అది హెడ్డాఫీసుది కాదు... పాత ఇంజనీరు ఇంటిది.

అప్పుడు సంగతి బోధపడింది. మొదట్లో పరీక్ష కోసం ఆయన తన ఇంటి నంబరే పెట్టుకున్నాడు. తర్వాత మార్చాడు గానీ, సేవ్ చేయడం మరిచాడు. ఆయన పోయాక ఓసారి కరెంటు పోయింది. తిరిగి వచ్చాక రౌటరు ఆ పాత నంబరుతోనే లేచింది. అప్పట్నుంచి లైను పడినప్పుడల్లా, మొగుడు పోయిన ఇంట్లో ఫోన్ మోగుతోంది. మనకి ఆవిడ దెయ్యం, ఆవిడకి మనం దెయ్యం. పాపం, ఎంత నరకం!

మా బావ నంబరు మార్చాడు. సేవ్ చేశాడు. రౌటరు ఆపి, మళ్లీ లేపి మరీ చూసుకున్నాడు. మర్నాడు సాయంత్రం ఆవిడ ఇంటికి వెళ్లి చేతులు జోడించాడు.

"ఇక మోగదమ్మా. తప్పు మాదే."

"మోగదా?" అందావిడ. ఊరట పడుతుందనుకుంటే, ఉన్న ఒక్క తోడూ పోయినట్టు చూసింది.

అంతలో... ఫోన్ మోగింది.

ఆవిడ ఎత్తింది. ఆ కీచు శబ్దం మా బావకీ వినబడింది. ఈసారి ఆవిడ పిలవకండి అనలేదు.

"పంపిస్తున్నానండీ," అని మెల్లగా పెట్టేసింది. "వెళ్లు బాబూ. ఆయన ఊరికే పిలవరు."

మా బావ పరుగున వచ్చాడు. లైను నిజంగానే పడిపోయి ఉంది. మోడెం ఫోన్ తీగ నేల మీద పడి ఉంది. భయంతో వాచ్‌మన్ మధ్యాహ్నమే పీకేశాడట. తిట్టే తీరిక కూడా లేక, తీగ గుచ్చాడు. హెడ్డాఫీసు పలికింది — కాన్పు గదిలో ఒక తల్లికి రక్తం, అర్జెంటు!

రక్తం తీసుకుని బండి గేటు దాటాక గానీ మా బావకి ఆ సంగతి తట్టలేదు.

తీగ నేల మీద ఉంటే... ఆవిడకి ఫోన్ చేసిందెవరు?