గ్లాసు కింద పెట్టేలోగా

శనివారం సాయంత్రం వచ్చిందంటే ఆ ఇంట్లో కంప్యూటర్లకు తలంటు. ఆ మాట ఇంటాయనదే. ఉన్నవి రెండు పెట్టెలు. హాల్లో ఒకటి, వాళ్ళమ్మ గదిలో ఒకటి. రెండింట్లోనూ విండోస్ బదులు లినక్స్ వేసుకుని, వారం వారం కొత్త అప్‌డేట్లు దగ్గరుండి ఎక్కించేవాడు. తెరమీద నల్లటి కిటికీ ఒకటి తెరిచి, ఒక్కో ఆదేశం చేత్తో కొట్టేవాడు. "నా మొహమైనా ఇంత పరీక్షగా చూశారా ఎప్పుడైనా?" అని భార్య దెప్పేది. "నీకు అప్‌డేట్లు రావుగా, ఏమోయ్" అనేవాడు. భార్యను ఏమోయ్ అని తప్ప ఇంకోలా పిలిచి ఎరగడు.

పని మొదలుపెట్టే ముందు మాత్రం తల్లి గదివైపు తిరిగి, "అమ్మా, చేసేదా?" అని అడిగేవాడు. ఆవిడకు చూపు లేదు. కంప్యూటర్ చదివి వినిపించేదే ఆవిడకు పేపరూ, కథల పుస్తకమూ. అప్‌డేట్ నడిచినంతసేపూ అది మూగబోతుంది కాబట్టి అడగడం. అడిగి గ్లాసుడు మంచినీళ్ళు తాగేవాడు. గ్లాసు కింద పెట్టేలోగా ఆవిడ వద్దనకపోతే సరేనన్నట్టే లెక్క. "ఉండరా, హంతకుడెవరో తేలనీ" అని ఒక్కోసారి ఆవిడ కేకేసేది. అతను నవ్వుకుంటూ ఆగిపోయేవాడు.

అతను పోయి ఏడాది దాటింది.

పోయేముందు, జబ్బుతో మంచం పట్టిన రోజుల్లో, ఒక పని చేశాడు. ఓపిక ఉన్నప్పుడల్లా వాక్యాలు చదివి, రికార్డు చేసి, తన గొంతుతోనే కంప్యూటర్ చదివేలా తయారుచేసి అమ్మ గదిలో పెట్టాడు. అంతకుముందున్న యంత్రం గొంతు అమ్మకు కంకరరాళ్ళు నమిలినట్టు ఉంటుందట. అప్పటినుంచీ ఆ పెట్టె ఏది చదివినా అతనే చదివినట్టుండేది. కొడుకు లేడు గానీ, పొద్దున్నే పేపరు వినిపించే కొడుకు గొంతు ఉంది. ఆవిడ బతుకు దానిమీదే నిలబడింది. కోడలికి ఆ సంగతి బాగా తెలుసు.

ఇంకో సంగతి కూడా తెలుసు గానీ, దాన్ని పట్టించుకోలేదు. ప్రతి శనివారం చీకటిపడే వేళకు అత్తగారు తన గదిలో కూర్చుని, ఎవరూ ఏమీ అనకుండానే, "వద్దురా" అనేది. పెద్దతనం, పాత అలవాటు అనుకుంది కోడలు. అలవాట్లు మనుషులకంటే ఆలస్యంగా పోతాయి కదా.

ఇప్పుడొచ్చిన చిక్కేమిటంటే, ఏడాదిగా అప్‌డేట్లు లేక ఆ పెట్టె పాతబడిపోయింది. పేపరు తెరవడం మానేసింది. ఎన్నిసార్లు నొక్కినా, "మీ వెర్షన్ పాతది. కొత్తది వేసుకోండి" అని అతని గొంతుతోనే చెబుతోంది.

"పొద్దస్తమానం పాతది పాతది అంటాడేమిటే వీడు? నన్నేనా?" అంది అత్తగారు.

కోడలికి నవ్వే ఓపిక కూడా లేదు. మందుల షాపులో పగలంతా నిలబడే ఉద్యోగం. ఇంటికొచ్చేసరికి కాళ్ళు బూరెల్లా పొంగి, తల ప్రాణం తోకకొచ్చేది. ఆ శనివారం చెప్పులు విడవకుండానే గడ్డానికి ఫోన్ చేసింది. గడ్డం అంటే ఆయన స్నేహితుడు, కంప్యూటర్లు బాగుచేసేవాడు. గడ్డం ఎప్పుడో తీసేశాడు గానీ పేరు పోలేదు.

"అప్‌డేట్లకు మూడు దారులున్నాయి వదినా" అన్నాడు. "వాడిలాగా అన్నీ చేత్తో కొట్టుకోవడం ఒకటి."

"అది నావల్ల కాదు బాబూ."

"రెండో టూల్ బొమ్మల్తో ఉంటుంది. ఏం వస్తోందో ఏం పోతోందో చూపించి, చేయమంటారా అని అడుగుతుంది. మూడోది అసలేమీ అడగదు. వెనకాల కూర్చుని తన పని తను చేసుకుపోతుంది. నా మాట విని రెండోదే పెట్టుకోండి. వాడి గొంతుంది చూశారూ, అది బజార్లో దొరికేది కాదు. కొత్తగొంతు వచ్చి దానిమీద కూర్చుందంటే ఇక అంతే. రేపొచ్చి నేనే కాపీ తీస్తాను. అప్పటిదాకా ముట్టుకోకండి."

సరేనంది. ఫోన్ పెట్టేసింది. పక్కగదిలోంచి మళ్ళీ వినిపించింది... మీ వెర్షన్ పాతది. మీ వెర్షన్ పాతది.

ఇక ఉండబట్టలేక హాల్లో కంప్యూటర్ ముందు కూర్చుంది. అక్కడినుంచే అత్తగారి పెట్టెలోకి వెళ్ళే ఏర్పాటు ఆయన ఎప్పుడో చేసిపెట్టాడు. ఆ పెట్టెకు మానిటర్ లేదు. చూపులేని మనిషికి ఎందుకని తీసేసి ఎవరికో ఇచ్చేశారు.

రెండో టూల్ తెరిచింది. అది మర్యాదగానే అడిగింది. ఇది తీసి అది పెట్టమంటారా? దానికి తోడు ఇంకోటి కావాలి, సరేనా? ఆ పాతది ఉంచాలా, తీసేయాలా?

పొద్దుటినుంచీ ప్రశ్నలే. ఈ బిళ్ళ తిన్నాక వేసుకోవాలా, తినకముందా? నిన్నటి సిరప్ బదులు ఇది ఇచ్చారేం? ఇంటికొస్తే వంటేం చేయాలన్న ప్రశ్న. నువ్వు తిన్నావా అని మాత్రం ఏ ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఆమెకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. "అందరికీ అడగడానికి నేనే దొరికానా?" అని పైకే అనేసింది.

రెండోదాన్ని మూసేసి మూడోదాన్ని తెరిచింది. "అడగకుండా అన్నీ చేసెయ్యి" అన్నచోట టిక్కు పెట్టింది. దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో గడి ఉంది, తాకకూడనివి ఏమైనా ఉంటే చెప్పమని. చూసింది. చూసి కూడా, కళ్ళు మూతలు పడుతుంటే, ఏం కాదులే అనుకుంది.

బయట ముసురు పట్టింది. లైటు వేయాలని ఉంది గానీ లేవాలని లేదు. తెరమీద పచ్చటి గీత మెల్లగా జరుగుతోంది. అత్తగారి గదిలో పెట్టె ఫ్యాను గుర్రుమంటోంది. వేడెక్కిన దుమ్ము వాసన హాల్లోకి వచ్చింది. ఆ వాసన అడుగున సన్నగా ఇంకోటి... ఆసుపత్రిలో సూది గుచ్చే ముందు దూదితో రాసే స్పిరిట్ వాసన.

గీత ఆగిపోయింది.

"ఈ పని మరొకరు చేస్తున్నారు. వారు ముగించేదాకా ఆగండి" అని వచ్చింది. ఆ మరొకరెవరో పక్కనే రాసి ఉంది. ఆయన పేరు.

అప్పుడు పక్కగదిలోంచి...

"అమ్మా, చేసేదా?"

ఆ గొంతు రాసి ఉన్నదే చదువుతుంది. సొంతంగా ఒక్క ముక్క మాట్లాడదు. ఆ మాట ఎవరు రాశారు? ఎక్కడ రాశారు?

"వద్దురా" అంది అత్తగారు, రోజూ మాట్లాడుకునే మాటలాగానే. "ఇవాళ కూడా వద్దు."

మళ్ళీ గడ్డానికి ఫోన్ చేసింది. "ఎవరో చేస్తున్నారంటోంది" అంది గుసగుసగా. "ఆయన పేరు చూపిస్తోంది..."

"వాడు సగంలో వదిలేసిన పని తాలూకు పాత తాళం ఏదో పడి ఉంటుంది వదినా. రేపొస్తున్నాగా. మీరు కదిలించకండి" అన్నాడతను.

తెరమీద మాత్రం ఒక బటన్ వెలుగుతోంది. "బలవంతంగా తీసెయ్యి." భయంలో మనిషి ఆలోచించడు. ఎలాగోలా ఇది అయిపోతే చాలనుకుంటాడు. ఆమె నొక్కేసింది.

"అమ్మా, చే..."

అంతే. తెగిపోయింది. గీత ఒక్క పరుగున చివరికి వెళ్ళింది. పెట్టె ఆగి, మళ్ళీ మొదలైంది. నున్నటి, తియ్యటి, ముక్కూమొహం తెలియని గొంతొకటి పలికింది: "నమస్కారం. మీ కంప్యూటర్ ఇప్పుడు సరికొత్తగా ఉంది."

"ఎవరమ్మా వచ్చింది?" అంది అత్తగారు.

కోడలు గుమ్మంలో నిలబడిపోయింది. ఆవిడ లేచి తడుముకుంటూ వెళ్ళి, పెట్టె మీద అరచెయ్యి ఆనించింది, జ్వరం చూసినట్టు. "వాడేడీ?" అంది. తిట్టి ఉంటే బావుండేదని కోడలు ఆ రాత్రంతా ఏడ్చింది.

మర్నాడు గడ్డం వచ్చి సాయంత్రం దాకా వెతికాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? మూల మూలలా గాలించినా ఆ గొంతు ఆనవాలైనా దొరకలేదు. షాపులో ఇంకోసారి చూస్తానని పెట్టెనీ స్పీకర్లనీ మోసుకుపోయాడు. బల్లమీద దుమ్ములో నలుచదరంగా పెట్టె జాడ మిగిలింది.

అతను వెళ్ళాక అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని, "ఆయన... ఎన్నాళ్ళనుంచి అడుగుతున్నారు అత్తయ్యా?" అంది.

"వాడు పోయిన వారంనుంచే. ప్రతి శనివారం. నేను వద్దంటూనే ఉన్నాను."

"ఏం చేసేదని?"

"నేనడగలేదమ్మాయ్" అంది ఆవిడ. "అడిగితే చెబుతాడేమోనని భయం."

మళ్ళీ శనివారం వచ్చింది. ఆమె షాపునుంచి వచ్చి, హాల్లో కుర్చీలో కూలబడి, అలాగే కునుకు తీసింది. మెలకువ వచ్చేసరికి ఇల్లంతా మసకగా ఉంది. ఎక్కడా ఏ ఫ్యానూ తిరగడం లేదు. స్పిరిట్ వాసన గుప్పుమంటోంది.

"ఏమోయ్, చేసేదా?"

ఖాళీ బల్ల ఉన్న గదిలోంచి. అదే గొంతు. కాస్త బొంగురుగా, చివర్లో నవ్వు దాచుకున్నట్టు.

"అత్తయ్యా..." అంది.

"నన్ను కాదే" అంది ఆవిడ ఆ గది చీకట్లోంచే. "ఈసారి నిన్నే. వద్దను. తొందరగా అను."

అనాలి. వద్దన్న మాట నాలుకదాకా వచ్చింది కూడా. కానీ ఏడాదిగా ఆమెను ఆ పిలుపు పిలిచినవాళ్ళు లేరు. ఇంకొక్కసారి పిలుస్తాడేమో... ఒక్కసారి విని, అప్పుడు చెబుదాం అనుకుంది.

పక్కగదిలో ఎవరో నీళ్ళు తాగుతున్నారు. గుటక. గుటక. తీరుబడిగా, దాహంగా.

"చెప్పావా?" అంది అత్తగారు. "అమ్మాయ్, చెప్పావా?"

బల్లమీద ఖాళీ గ్లాసు పెట్టిన చప్పుడయింది.