ఏ దేశమో వానలో చూడాలి

ఉదయభాస్కర్‌కి ఒక గర్వం ఉండేది. మనిషి బస్సు దిగీ దిగకముందే ఏ దేశమో చెప్పేస్తానని.

భవానీపురంలో వాళ్ళమ్మ దుర్గాంబ గారు లోపల పిల్లలకి లెక్కలు చెప్తుంటే, వరండాలో కూర్చుని ఈయన ఫ్రెండ్స్‌కి తన విద్య చెప్పేవాడు. "శాండిల్స్‌లో సాక్స్ వేశాడా, జర్మనీ. మబ్బు పట్టినా గొడుగు, చేతికి గ్లవ్స్, ఇద్దరే ఉన్నా లైన్‌లో నడిచారా, జపాన్. మెడకి స్కార్ఫ్ చుట్టుకుని మన కాఫీని అనుమానంగా చూసిందా, ఫ్రాన్స్. లిఫ్ట్‌లో ముక్కూమొహం తెలియనివాడిని కూడా 'హౌ ఆర్ యూ' అన్నాడా, అమెరికా!"

బెజవాడ మొత్తంలో తనంతటి టూరిస్ట్ గైడ్ లేడని నమ్మేవాడు. ఆ నమ్మకం ఘంటసాల ఊళ్ళో బౌద్ధ స్తూపం దగ్గర నిలువునా కూలిపోయింది.

ఆ రోజు శ్రీలంక యాత్రికుల బస్సు. అందరివీ తెల్ల బట్టలే. చెప్పులు విప్పి, తామరపూలు పట్టుకుని స్తూపం వైపు నడుస్తున్నారు. వాళ్ళకి కాస్త వెనకగా ఒక అమ్మాయి. తెల్లటి చేనేత చుడీదార్, తెల్ల చున్నీ. నుదుటి మీద చిన్న బొట్టు కూడా ఉంది. ఉదయభాస్కర్ అంతదాకా చూడలేదు. కళ్ళ దగ్గరే ఆగిపోయాడు.

"ఆయుబోవన్!" అని చేతులు జోడించాడు, తనకి వచ్చిన ఒకే ఒక్క సింహళ మాటతో.

ఆ అమ్మాయి ఒక్క క్షణం తెల్లబోయి, తనూ చేతులు జోడించింది.

ఇంకేముంది! గొడుగు ఆమెకి పట్టాడు. తామరపువ్వు చేతికిచ్చాడు. "మేడమ్, దిస్ వెరీ ఓల్డ్ స్తూపా. యువర్ కంట్రీ, మై కంట్రీ, సేమ్ బుద్ధా," అంటూ చుట్టూ తిప్పాడు. ఆమె బుద్ధిగా తలూపింది. మధ్యలో డ్రైవర్ లాజరు ఎదురొస్తే, ధైర్యంగా తెలుగులో అనేశాడు కూడా. "ఏం కళ్ళు లాజరన్నా! ఈవిడ కొలంబో వెళ్ళిపోతుందంటే నాకు ఇప్పట్నించే దిగులుగా ఉంది."

అప్పుడు ఆమె ఫోన్ మోగింది.

"ఆఁ నాన్నా, కండువాలు ఇచ్చేశాను, వచ్చేస్తున్నా. ఇక్కడొకాయన గొడుగు పట్టి స్తూపమంతా తిప్పి చూపించారు, అందుకే లేటయింది."

గొడుగు ఉదయభాస్కర్ చేతిలోంచి జారి కిందపడింది.

"మీరు... తెలుగువాళ్ళా?"

"చల్లపల్లి పక్కనేనండీ. పేరు ప్రత్యూష. మేం నేసేవాళ్ళం. మీ బస్సువాళ్ళు తెల్ల కండువాలు ఆర్డరిస్తే తెచ్చాను."

"మరి ముందే చెప్పొచ్చుగా!"

"మీరు అడిగితేగా! ఎవరైనా దండం పెడితే తిరిగి పెట్టాలని మా నాయనమ్మ నేర్పింది. పెట్టాను."

"అదే... ఇందాక కళ్ళ గురించి..."

"దాని గురించి కొలంబో వెళ్ళాక ఆలోచిస్తానండీ," అంది ప్రత్యూష నవ్వు ఆపుకుంటూ. లాజరు మాత్రం ఆపుకోలేదు.

వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది. "ఒక్కమాట చెప్పనా? బట్టలు చూసి దేశం చెప్పకండి. అమ్మేవాళ్ళం, మాకు తెలుసు. ఎవరైనా ఏదైనా కొనుక్కుంటారు. వానలో చూడాలి. చినుకు పడగానే ముందు దేన్ని తడవకుండా చూసుకుంటారో, అక్కడ తెలిసిపోతారు మనుషులు."

ఆ మాటతో అతనికి వానలంటే పిచ్చి పట్టుకుంది. శని, ఆదివారాలు ప్రత్యూష ఉండవల్లి గుహల దగ్గర బట్టల స్టాల్ పెట్టేది. తన గ్రూపుల్ని అక్కడికే తెచ్చేవాడు, అదీ మబ్బు పట్టిన పూట. ఇద్దరూ పందెం వేసుకునేవాళ్ళు. ఓడినవాళ్ళు పునుగులు తెప్పించాలి.

"ఆయన ఇంగ్లండ్," అంది ఒకసారి ప్రత్యూష. "చూడండి, వాన పడుతున్నట్టు తనకి తెలియనట్టే నడుస్తున్నాడు."

"ఈయన జపాన్. గొడుగు ముందే తీశాడు."

"గొడుగు సరే, ఏం దాచుకున్నాడో చూశారా? మా దగ్గర కొన్న టవల్ చొక్కాలోపల పెట్టుకున్నాడు." ఆమె మొహం వెలిగిపోయింది. "అదిగో, క్యారీబ్యాగ్ నెత్తిన బోర్లించుకున్నాయన మాత్రం ఖాయంగా మన గుడివాడ!"

ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వుతూనే ప్రత్యూష అతని వైపు చూసింది. గొడుగు పూర్తిగా ఆమె మీద ఉంది. అతను నెత్తి నుంచి బూట్ల దాకా తడిసి ముద్దయ్యాడు.

"మీరేంటండీ ఇలా తడిసిపోయారు?"

"వానలో చూడమన్నారుగా. చూడండి మరి."

ప్రత్యూష గబుక్కున స్టాల్ వైపు తిరిగింది. సర్దిన దుప్పట్లనే మళ్ళీ సర్దింది. చివరికి, "నాన్నతో మాట్లాడండి," అంది మెల్లగా. "ఆయన ఊఁ అనకుండా నేను రాను. అనిపించకుండా మీరు వదలకూడదు."

ఉదయభాస్కర్ ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు వేసుకుని మరీ వెళ్ళాడు. ప్రత్యూష వాళ్ళ వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకి కర్రల మీద నూలు చాపి ఉంది. మగ్గం ఎక్కించే ముందు ఆ నిలువుపోగుల పడుగుకి గంజి పెట్టి ఆరబెడుతున్నారు. వాళ్ళ ఇల్లు ఆ పక్కన, ఇతను ఈ పక్కన. చుట్టూ తిరగడం ఎందుకని, ప్యాంటు కాస్త పైకి లాక్కుని, బూట్లతో ఆ పడుగును దాటేశాడు.

వీధి మొత్తం చేతుల్లో పని ఆపేసింది.

ప్రత్యూష తండ్రి హరిబాబు మంచి కాఫీ ఇప్పించాడు. నెమ్మదిగా మాట్లాడాడు. "మా వాళ్ళు కాకపోయినా ఎలాగో సర్దుకుందుమండీ. కానీ మా వీధిలో చంటిపిల్లాడు కూడా పడుగు దాటడు. మాకది కంచంలో అన్నం లాంటిది. మీకు మేం ఒక చూసే చోటు. ఇలాంటి చోట్లు మీకు రోజుకొకటి. మా అమ్మాయిని ఇవ్వలేనండీ."

ఉదయభాస్కర్ కాఫీ గ్లాసు కిందపెట్టి లేచాడు. 

గుమ్మం దాకా వచ్చిన ప్రత్యూష కళ్ళలో నీళ్ళున్నాయి, గొంతులో మాత్రం పంతం తగ్గలేదు. "టూరిస్టులు వస్తే నాన్నకి ఇష్టమే. గైడ్‌గా రండి. అల్లుడిగా ఎలా వస్తారో మీ ఇష్టం."

వచ్చాడు. వారం వారం వచ్చాడు. గ్రూపు మగ్గాలు చూస్తున్నంతసేపూ తను వీధిలో నిలబడి గంజి పెట్టడం, పడుగు చుట్టడం చూసేవాడు. బూట్లు బస్సులోనే వదిలేసేవాడు. అరుగు మీద కూర్చున్న ప్రత్యూష నాయనమ్మ రాఘవమ్మ అతన్ని చూసేది. అతని ఒట్టి కాళ్ళ వైపూ చూసేది.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం జర్మన్ దంపతులు, ఒక జపాన్ పెద్దాయన, ఒక ఫ్రెంచావిడ, ఇంకొందరు వచ్చారు. పక్క వీధిలో పెళ్ళి, మగవాళ్ళంతా భోజనాలకి పోయారు. హరిబాబు ఒక్కడే పడుగు దగ్గర ఉన్నాడు. ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. టపటపా చినుకులు.

తడిస్తే గంజి కారిపోయి నూలంతా ముద్దకడుతుంది. హరిబాబు ఈ చివర కర్ర పట్టుకుని ఆ చివర వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఉదయభాస్కర్ గొడుగు వదిలేశాడు. అది ఎగిరి పంటకాలవలో పడింది. ఆ చివర కర్ర పట్టుకోవాలంటే పడుగుకి అవతలి పక్కకి పోవాలి, ఆ చివరేమో గోడ అడ్డం. ఒక్క అడుగు వేసి దాటితే చేతికందుతుంది. అతను దాటలేదు. చెప్పుల్లేని కాళ్ళతో హరిబాబు ఉన్న చివరదాకా పరిగెత్తి, చుట్టూ తిరిగొచ్చి కర్ర పట్టుకున్నాడు.

"ఎవ్రీబడీ, ప్లీజ్! హోల్డ్! లాగొద్దు, డోంట్ పుల్! కలిసి నడవండి!"

భాష ఎంత అర్థమైందో గానీ అందరూ వచ్చేశారు. జర్మన్ దంపతులు తమ రెయిన్‌కోట్లు విప్పి నూలు మీద కప్పారు. ఫ్రెంచావిడ మెడలో పట్టు స్కార్ఫ్ కూడా అక్కడికే పోయింది. జపాన్ పెద్దాయన లయగా అరుస్తుంటే అందరి అడుగులూ కలిశాయి. ప్రత్యూష మధ్యలో నిలబడి, "మెల్లగా! అలాగే! అలాగే!" అని తెలుగులోనే కేకలు పెట్టింది. హరిబాబు చుట్టుకుంటూ వచ్చాడు. వాన దంచి కురిసే వేళకి పడుగు మొత్తం వసారాలో ఉంది.

ఒక్క పోగు ముద్దకట్టలేదు!

వసారా అంతా కేరింతలు. అందరూ తడిసి ముద్దయ్యారు. వాళ్ళని చూసి ఎవరు ఏ దేశమో ఇప్పుడు ఎంతటి గైడ్ కూడా చెప్పలేడు.

అరుగు మీద నుంచి రాఘవమ్మ గొంతు వినిపించింది.

"ఒరే హరీ, ఆ పిల్లాడిది ఏ వూరు?"

"తెలుసుగా అమ్మా. బెజవాడ."

"బెజవాడేంట్రా! వాన మీద పడుతుంటే చుట్టూ తిరిగొచ్చాడు. పడుగు దాటలేదు. మన వీధివాడే."

హరిబాబు ఉదయభాస్కర్ని పైనుంచి కిందిదాకా చూశాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి, పాదాల నిండా బురద. తన భుజం మీది కండువా తీసి అతని చేతిలో పెట్టాడు.

"తల తుడుచుకోండి. జలుబు చేస్తుంది." కాస్త ఆగి అన్నాడు. "ఆదివారం మీ అమ్మగారిని తీసుకురండి. భోజనానికి."

ఉదయభాస్కర్ ఆ కండువాని గుండెలకి హత్తుకుని తల తుడుచుకోవడం మర్చిపోయాడు. ఏం జరిగిందో లాజరు ఇంగ్లీషులో చెప్పేసరికి వసారా చప్పట్లతో దద్దరిల్లింది. ఫ్రెంచావిడ ప్రత్యూషని కౌగిలించుకుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది.

సందడిలో ప్రత్యూష అతని పక్కకి వచ్చి, చేతులు జోడించింది.

"ఆయుబోవన్."

"ఆయుబోవన్," అన్నాడు అతను. "మరి కొలంబో ప్రయాణం ఎప్పుడండీ?"

"కాన్సిల్ చేశాను," అంది ప్రత్యూష. "కళ్ళ సంగతి ఇక్కడే ఆలోచిస్తాను."